వెనక దీపం

రాయపూర్,
23-7-95, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి సుభద్రకు దీవెనలు. అత్తకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నీ తులసి కుండీ, మన కురిసే కప్పూ అందరం కులాసా. అక్కడ అత్త కన్ను, నీ నడుము కూడా కులాసాగా ఉన్నాయని తలుస్తాను. నువ్వు పదిహేడో తారీఖున రాసిన ఉత్తరం నిన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు సందులో ఉంది. కాళ్లు కూడా కడుక్కోకుండా చదివాను.

అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. క్వార్టరు కప్పు గురించి మళ్లీ దరఖాస్తు ఇచ్చాను. ఒకాయన వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు పైకి చూసి, “వానలు తగ్గనీ” అని వెళ్లిపోయాడు. వానలు తగ్గాక కప్పుతో నాకేం పని అని అడుగుదామనుకున్నాను గాని, ఆయన నాకంటే పెద్ద గ్రేడువాడు. నీ పెద్ద ఇత్తడి గిన్నె మధ్యగదిలో పెట్టాను. పొద్దుటికి నిండుతోంది.

తిండికి లోటు లేదు. పక్క క్వార్టరు రమణమ్మ రోజూ పప్పు పంపిస్తోంది. అందులో ఉప్పు మాత్రం తన చేతికొచ్చినంత వేస్తుంది, మన నోటికి సరిపడేంత కాదు. నేను అన్నం వండుకోవడం లేదు, స్టేషను దగ్గర రొట్టెలు తెచ్చుకుంటున్నాను. మొన్న ఎవరో ఒక సొరకాయ కూడా ఇచ్చారు. లేతది. ఇంకా కోయలేదు.

అత్తా, మీ అబ్బాయి ఉత్తరం రాయలేదని కోపగించుకోకు. ప్లాంటులో కొత్త పని మొదలుపెట్టారట, కొండలరావుకు డ్యూటీ మీద డ్యూటీ వేస్తున్నారు. వేళకు తింటున్నాడు. నీ కోడలు కోటమ్మ దగ్గరుండి చూసుకుంటోంది. నీ కొడుకు కారు ఎలా ఉందని అడిగావు. బాగానే ఉంది. కంటి కట్టు విప్పేదాకా తల వంచకు, పొయ్యి దగ్గరికి వెళ్లకు, ఏ సంగతికీ కన్నీళ్లు పెట్టుకోకు. డాక్టరు చెప్పిన మాట, నా మాట కాదు. చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు వేయమన్నారు. నీ కూతురు మూడుసార్లు వేసి నాలుగు అంటుంది, జాగ్రత్త.

ఇంకేం విశేషాలు లేవు.

*

సుభద్రా, ఈ రెండో కాగితం నీ ఒక్కదానికే. పైకి చదవకు. కాగితం చప్పుడు విని అత్త ఇంకా ఏం రాశాడని అడిగితే, క్వార్టరు దరఖాస్తు నకలు అని చెప్పు. తర్వాత పెరట్లోకి వెళ్లి, కూర్చుని చదువు. నిలబడి చదవకు.

మొదటి కాగితంలో కప్పు కురవడమూ, రమణమ్మ పప్పులో ఉప్పూ మాత్రం నిజం. కులాసా అన్న మాట అబద్ధం.

నువ్వు విడిగా మడిచి పెట్టిన చీటీలో రెండు అడిగావు. మొదటిది, తమ్ముడి కాలు ఎలా ఉందని. కుడి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగిందని ఇదివరకే రాశాను. మంగళవారం రాడ్డు వేశారు. నడుస్తాడు అంటున్నారు. మునుపటిలా నడుస్తాడా అని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ప్రాణానికి మాత్రం భయం లేదు. అది ముందు నమ్ము, తర్వాత మిగతాది చదువు.

రెండోది, “ఆ లారీవాణ్ణి వదలొద్దు బావా, నా తమ్ముణ్ణి కుంటివాణ్ణి చేశాడు, వాడికి గట్టి శిక్ష పడేలా చూడు” అని రాశావు. ఆ ముక్క చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నిజానికి అంతకు ముందు నుంచే లేదు. బయట జీపు చప్పుడైతే లేచి కిటికీ సందులోంచి చూస్తున్నాను. పాలవాడు తలుపు కొట్టినా పోలీసులేమో అనుకుంటున్నాను. నిన్న రైల్వే వ్యాగన్ షాపులో బ్రష్షు పట్టుకుంటే గీత వంకరపోయింది. నా దగ్గర పనిచేసే అప్పారావు చూసి, “గురువుగారికి వయసొచ్చేసింది” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

కొండలరావు కొన్న ఆ పాత హెరాల్డు కారు సంగతి నీకు తెలుసు. అన్నీ బాగుచేయించాడు గాని, వెనక దీపాల ఎర్ర అద్దాలు ఎండకు వెలిసిపోయి, సున్నం పూసినట్టు తెల్లగా ఉండేవి. ఆ మోడలు ఆగిపోయి ఏళ్లయింది, కొత్తవి ఎక్కడా దొరకలేదు. “నేనుండగా నీకు కొత్తవెందుకురా” అని నేనే అద్దాలు విప్పి ఇంటికి తెచ్చాను. మూడు ఆదివారాలు వాకిట్లో కూర్చుని చేసిన పని నువ్వు చూస్తూనే ఉన్నావు. సబ్బునీళ్లతో కడిగి, ముందు గరుకు నీటి కాగితంతో, తర్వాత నున్నటి కాగితంతో రుద్ది, ఇత్తడి పాలిషు పెట్టి గుడ్డతో మెరుగు తెచ్చాను. అంతవరకు పని బాగానే వచ్చింది. కాని తెలుపు పోయాక చూస్తే లోపల ఎరుపు కూడా సగం పోయి ఉంది, ఉతికి ఉతికి వెలిసిన రవికలా. అది నా కళ్లకు నచ్చలేదు. వార్నిష్‌లో మన షాపు ఎర్ర రంగు కలిపి ఒక పూత వేశాను. చాల్లేదనిపించింది. ఇంకోటి వేశాను. మొత్తం ఐదు వేశాను సుభద్రా. ఎండలో పెడితే కొత్త పెళ్లికూతురి బొట్టులా మెరిశాయి. వీధిలో ప్రతివాణ్ణీ పిలిచి చూపించాను.

నువ్వు ఊరికి బయల్దేరిన రోజు కొండలరావే ఆ కారులో మనల్ని స్టేషనుకు తీసుకెళ్లాడు. నువ్వు దిగి, కారు వెనక్కి వెళ్లి, ఆ అద్దం మీద వేలు పెట్టి ఒక మాట అడిగావు. గుర్తుందా?

“బావా, ఎలిగించి చూసేవా?”

నాకు ఒళ్లు మండింది. తమ్ముడి ముందు, కూలీల ముందు ఆ మాట అడుగుతావా అనిపించింది. “ముప్పై ఏళ్లుగా రైలుకు ఎర్ర రంగు వేస్తున్నాను. నువ్వా నాకు చెప్పీది!” అన్నాను. నువ్వు రైలెక్కేశావు. బండి కదిలాక కూడా నావైపు చూడలేదు. నువ్వు అడిగినదానికి మాత్రం నేను జవాబు చెప్పలేదు.

నీకు ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మావయ్య రైలు గార్డు డ్యూటీకి బయల్దేరే ముందు, ఆఖరి పెట్టెకు తగిలించే దీపాన్ని పగలే వెలిగించి, చుట్టూ చెయ్యి అడ్డం పెట్టి చూసేవాడు. చిన్నప్పుడు ఆ చెయ్యి అడ్డం పెట్టే పని నీదే కదా. నేను మాత్రం దీపాల మనిషిని కాను. వ్యాగన్ షాపులో నేను వేసేది, పగటిపూట ఆఖరి పెట్టెకు తగిలించే పలకకు రంగు. పలకకు ఎంత దట్టంగా వేస్తే అంత మంచిది. వెలుగు బయటి నుంచి వచ్చి దాని మీద పడాలి. దీపం అద్దానికి వెలుగు లోపలి నుంచి బయటికి రావాలి. ఇంత చిన్న సంగతి నాకు తెలియదా? తెలుసు. చేతికి తెలిసింది మాత్రం పలకే. నేను దీపానికి పలక పని చేశాను.

ప్రమాదం జరిగిన రోజు రాత్రి ఏడున్నరకు కొండలరావు సిల్తారా ప్లాంటు నుంచి మోవాలో ఇంటికి వస్తున్నాడు. జల్లు పడుతోంది, రోడ్డు మీద కరెంటు లేదు. గేదెలు అడ్డం వస్తే బండి నెమ్మది చేశాడు. వెనక ఇనుప చువ్వల లోడుతో వస్తున్న లారీ గుద్దేసింది. ఇంతవరకు నీకు రాశాను. రాయనిది ఒకటుంది. ఆ లారీ డ్రైవరు పారిపోలేదు. పేరు బిసాహు, ధమ్‌తరీ వైపు పల్లెటూరివాడు. నీ తమ్ముణ్ణి చేతుల మీద లారీలోకి ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తెచ్చినవాడు అతనే. అక్కడే కూర్చుని ఉంటే పోలీసులు తీసుకుపోయారు. తాగి ఉన్నాడని ఎవరో అన్నారు. అది నేనూ నలుగురితో అన్నాను. లారీ యజమాని మొహం చాటేశాడు. జామీనుకు నిలబడేవాళ్లు లేక అతను ఇప్పటికీ లోపలే ఉన్నాడు.

నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. ఆసుపత్రి వరండాలో, “కారు కనబడలేదు సాబ్” అని అతను పోలీసుకు చెబుతుంటే విన్నాను. స్టేషనులో నువ్వడిగిన మాట అప్పుడే చెవిలో పడింది.

మర్నాడు కారులోని సామాను తెచ్చుకోమని కోటమ్మ చెల్లి నన్ను థానాకు పంపింది. కారు వెనకంతా నుజ్జయింది. కుడి అద్దం పొడి అయిపోయింది. ఎడమది చెక్కుచెదరకుండా ఉంది. నేను టిఫిను డబ్బా, గొడుగు తీసుకుంటున్నట్టు వంగి, జేబులో ఉన్న పైసా బిళ్లతో ఆ రెండు మరలూ విప్పి అద్దాన్ని గొడుగులో జారవిడిచాను. కానిస్టేబులు బీడీ ముట్టించుకుంటూ, “సామాన్ మిల్ గయా? దస్తఖత్ కరో, జావ్” అన్నాడు, సామాను దొరికితే సంతకం చేసి పొమ్మని. డబ్బా, గొడుగు అని రాసి ఉన్నచోట సంతకం చేశాను. నా జీవితంలో నేను చేసిన మొదటి దొంగతనం అది, అదీ పోలీసు స్టేషనులో.

ఇంటికొచ్చి స్నానాల గది తలుపు వేసుకుని, కిటికీకి దుప్పటి కట్టి, వెనక టార్చి వెలిగించి చూశాను. టార్చి వెలుగు గోడ మీదైతే తెల్లగా పడుతోంది. అద్దం అడ్డం పెడితే ఏమీ లేదు సుభద్రా. ఆరిపోయే బొగ్గులో ఉన్నంత ఎరుపు కూడా లేదు. అక్కడే నేల మీద కూలబడ్డాను.

ఇప్పుడు రాసేది చదివాక నన్ను ఏమనుకుంటావో అని చెయ్యి ఆగుతోంది. కాసేపటికి లేచాను. లేచి ఏం చేశానో తెలుసా? నీటి కాగితం తెచ్చాను. నేను వేసిన రంగు నేనే తీసేయగలను కదా, ఒక గంట పని. తీసి, మళ్లీ కారుకు బిగించి వస్తే ఎవడికి తెలుస్తుంది? ఒక మూల బొటనవేలంత మేర రుద్దాను. రంగు ఎర్రటి నీళ్లుగా కారి కాలవలోకి పోయింది. టార్చి పెడితే ఆ మూల నుంచి చక్కటి ఎర్ర వెలుగు వచ్చింది. అది చూసి భయమేసి ఆపేశాను. మంచితనంతో ఆపానని రాయను, అది నిజం కాదు. ఎర్రటి నీళ్లు చూసి భయపడ్డాను, అంతే. అద్దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. నేను అన్నం ఎందుకు వండుకోవడం లేదో ఇప్పుడు తెలిసింది కదా.

గురువారం సాయంత్రం ఆసుపత్రికి బిసాహు పెళ్లాం వచ్చింది. సన్నగా, నీ అంత వయసుంటుంది. వార్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కొంగులోంచి సొరకాయ తీసి కొండలరావు మంచం కింద పెట్టింది. పెరట్లో కాసిందట. దండం పెట్టి, నన్ను చూసి అంది: “మోర్ మరద్ దారూ నఇ పీయయ్ బాబూ. పాఛూ కోతి బత్తీ నఇ జరత్ రిహిస్.” మా ఆయన తాగడు బాబూ, వెనకవైపు దీపం వెలగడం లేదు అని. అరవలేదు, ఏడవలేదు. చెప్పి వెళ్లిపోయింది. కోటమ్మ ఆ కాయ బయట పారేయమని నాకిచ్చింది. నేను ఇంటికి తెచ్చాను. అలమరలో ఉంది. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా దాన్ని చూడకుండా మంచినీళ్లు ముంచుకుంటున్నాను.

ఇవాళ పొద్దున్న కోటమ్మ స్నానానికి ఇంటికి వెళ్లిన వేళ చూసి, కొండలరావు దగ్గర కూర్చున్నాను. “ఒరే, ఒకటి చెప్పాలి. ఆ వెనక అద్దాలు...” అన్నానో లేదో వాడు కళ్లు మూసుకున్నాడు.

“తెలుసు బావా. ముందే తెలుసు.”

“ఏటి తెలుసు?”

“గుద్దీడానికి వారం ముందే ప్లాంటు గేటు కాడ వాచ్‌మన్ చెప్పేడు, సాబ్, పీఛే అంధేరా హై, ఎనకంతా చీకటిగుంది అని. దిగి చూసేను. లోపల బల్బు ఎలుగుతోంది. బయటికి ఏటీ రావట్లేదు.”

“మరి నాకు చెప్పవేరా?”

“ఎలాగ చెప్పీది? మూడాదివారాలు ఎండలో కూకుని చేసేవు. ఈధంతా పిలిచి చూపించేవు. స్టేషన్లో అక్క ఒక్క మాటంటేనే నీ మొహం అదోలాగైపోయింది. నానెలాగ చెప్పీది బావా? నెమ్మదిగా తోలుకుంటే సరిపోద్దిలే అనుకున్నాను.”

 “పోలీసులతో లైట్లు బాగున్నాయని రాయించావే” అన్నాను.

“మరేటి రాయించమంటావు? మా బావ రంగేసేడు అనా? నీకింకా మూడేళ్లు సర్వీసుంది. కేసంటే ముందు సస్పెండ్ చేస్తారు, క్వార్టర్ ఖాళీ చేయమంటారు. నువ్వు నోరు మెదపకు. వాడికి రెండు మూడు నెల్లేస్తారు, వదిలేస్తారు. అక్కకి కూడా చెప్పకు.”

అలా అంటూనే నా చెయ్యి పట్టుకున్నాడు.  నా మాట పడలేక వాడు కాలు విరగ్గొట్టుకున్నాడు సుభద్రా. నా మొహం చిన్నబోతుందని చీకట్లో బండి తోలాడు. ఇంట్లో అందరూ నాకు అంతగా భయపడతారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. గౌరవం అనుకున్నాను.

వాడు చెప్పింది అంతా నిజమే. నేను థానాకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెబితే సస్పెన్షన్ రావచ్చు. అద్దం దొంగిలించినందుకు నన్నే లోపల వేయవచ్చు. పింఛను సంగతి నాకు తెలియదు, ఎవరినైనా అడగాలన్నా భయం. వాడు అబద్ధం చెప్పాడని వాడి మీదకీ రావచ్చు. ఇవన్నీ పొద్దుటి నుంచి పదిసార్లు లెక్కేసుకున్నాను. ఆఖరికి ప్రతిసారీ చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ మనిషి దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. ఆమె చెప్పింది నిజమని ఈ ఊళ్లో తెలిసినవాళ్లం ఇద్దరం. ఒకడు మంచం మీద ఉన్నాడు.

అద్దాన్ని బియ్యంలోంచి తీశాను. నీ పాత చీర ముక్కలో చుట్టి సంచిలో పెట్టాను. గోకిన మూల గోకినట్టే ఉంది. అది ఎందుకు గోకావని అడిగితే అదీ చెబుతాను. తాళంచెవి రమణమ్మకు ఇచ్చాను, తులసికి నీళ్లు పోయమన్నాను. రెండు రోజులకు ఊరెళ్తున్నానని చెబితే నా మొహం వైపు ఒకలా చూసింది. ఏదైనా వినబడితే పరుగెత్తుకు రాకు. అత్త కట్టు విప్పేదాకా అక్కడే ఉండు. సొరకాయ, నేను తిరిగి వచ్చాక కోస్తాను. ఈ ముక్క ధైర్యం కోసం రాస్తున్నాను.

నా సంగతి నాకు తెలుసు. థానా మెట్ల దాకా వెళ్లి, టీ తాగి తిరిగి వచ్చేయగలను. అందుకే ముందు స్టేషనుకు వెళ్లి ఈ ఉత్తరాన్ని ఆర్.ఎం.ఎస్. తపాలా డబ్బాలో వేస్తాను. థానాకు వెళ్లేది ఆ తర్వాతే. ఇది డబ్బాలో పడిపోయాక, నేను వెళ్లినా వెళ్లకపోయినా నీకు తెలిసిపోతుంది. నీకు తెలిశాక వెళ్లకుండా ఈ ఇంట్లో నీ ఎదుట కూర్చోలేను. పోలీసుల కంటే నాకు ఆ భయమే ఎక్కువ, ఆ భయాన్నే పట్టుకుని వెళ్తున్నాను.

నీ ఉత్తరంలోని ప్రశ్నలన్నిటికీ జవాబు రాశాను. ప్లాట్‌ఫారం మీద నువ్వు అడిగినదొకటి మిగిలింది.

లేదు సుభద్రా. వెలిగించి చూడలేదు.

ఇట్లు,
నీ బావ
సూర్యారావు